ఒక్క చెట్టు దగ్గర కూర్చోండి: వసంతంలో పార్కులో పిట్టల్ని, చెట్లని, గడ్డిపూలని చూడటం ఎలా?

బూరుగ చెట్టు కింద రాలిన పువ్వుని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? అరచేతి నిండా వస్తుంది. ఐదు ఎర్రటి రేకులు మందంగా, మైనం పూసినట్టు నున్నగా ఉంటాయి. మధ్యలో కుచ్చులా కేసరాలు. తెల్లవారుజామున రాలిన పువ్వైతే అడుగున ఇంకా తడి ఉంటుంది. ఆ తడి తేనెది. పైన కొమ్మల్లో గోరువంకలు, కాకులు, పిగిలిపిట్టలు, ఉడతలు అంత గోల చేసేది దాని కోసమే.

మొదట్లో నేను పార్కంతా తిరిగేదాన్ని. ఎక్కడ కూత వినిపిస్తే అక్కడికి వెళ్లేదాన్ని, వెళ్లేసరికి పిట్ట ఎగిరిపోయేది. రెండు వసంతాలు అలాగే గడిచాయి. మూడో ఏడు కాలు బెణికి ఎక్కువ నడవలేక, పూసిన బూరుగకి ఎదురుగా ఉన్న బెంచీ మీద గంటసేపు కూర్చున్నాను. ఆ ఒక్క గంటలో తొమ్మిది రకాల పిట్టలు కనిపించాయి. అంతకు ముందు నెలంతా తిరిగినా అన్ని చూడలేదు. కింద రాసినదంతా ఆ బెంచీ దగ్గర మొదలైన అలవాటే. పిట్టల వెంట పడకండి. పూసిన చెట్టు ఒకటి చూసుకుని అక్కడ కూర్చోండి. పిట్టలే వస్తాయి.

1. కాలం, వేళ చూసుకోండి

మన మైదాన ప్రాంతాల్లో ఫిబ్రవరి నడిమి నుంచి ఏప్రిల్ చివరి దాకా చూడటానికి మంచి కాలం. ఈ రెండున్నర నెలల్లో చెట్టు ఆకు రాలుస్తుంది, పూస్తుంది, చిగురిస్తుంది. చలికాలం గడపడానికి వచ్చిన వలస పిట్టలు తిరుగు ప్రయాణం కడతాయి. ఇక్కడే ఉండే పిట్టలు గూళ్లు మొదలుపెడతాయి. ఒకే పార్కులో వెళ్లేవాళ్లనీ, ఉండేవాళ్లనీ కలిపి చూసే అవకాశం ఏడాదిలో మళ్లీ ఇంత బాగా దొరకదు.

వేళ విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను: సూర్యోదయం తర్వాత మొదటి రెండు గంటలు. రాత్రంతా ఏమీ తినని పిట్టలు ఆకలి మీద ఉంటాయి, పూలలో తేనె నిండుగా ఉంటుంది, ఎండ ఇంకా ఎక్కదు. తొమ్మిదిన్నర దాటితే చాలా పిట్టలు నీడలోకి వెళ్లి ఊరుకుంటాయి. పొద్దున కుదరకపోతే సాయంత్రం చివరి గంట కూడా పరవాలేదు. గడ్డిపూల సంగతి వేరు, కొన్ని రకాలు ఎండ కాస్త తగిలాకే విచ్చుకుంటాయి. కాబట్టి ముందు పిట్టలు, తర్వాత చెట్లు, చివరికి పూలు అనే వరుస బాగా కుదురుతుంది.

2. మీ చెట్టుని ఎంచుకోండి

మొదటి రోజు పిట్టల కోసం వెళ్లకండి. పార్కుని ఒకసారి చుట్టి, ఏ చెట్టు పూసింది, ఏది చిగురిస్తోంది, దేనికి పండ్లున్నాయి అని మాత్రం చూసుకోండి. అరగంట పని.

బూరుగ ఉంటే అదృష్టమే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూస్తుంది. లేత చెట్టైతే మాను మీద ముళ్లు కూడా ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. మోదుగ కూడా ఆకు రాల్చాకే పూస్తుంది. మంట రంగు పూలు, నల్లటి మఖమల్ లాంటి తొడిమలు. ఎండలు ముదిరే ముందు ఆకు రాల్చేస్తే చెట్టుకి నీళ్ల ఖర్చు తగ్గుతుంది. పైగా ఆకులు అడ్డం లేని పూలు దూరం నుంచే పిట్టల కంట పడతాయి.

రావి, మర్రి, జువ్వి లాంటి చెట్లకి పండ్లు కాసి ఉంటే అక్కడ రోజంతా పండగే. కానుగ మార్చిలో ఆకు రాల్చి, కొద్ది రోజుల్లోనే నిగనిగలాడే లేత ఆకుతో నిండిపోతుంది. తర్వాత లేత ఊదా, తెలుపు కలిసిన చిన్న పూలు రాలి నేలంతా పరుచుకుంటాయి. వేప పూత వాసనని బట్టే తెలుస్తుంది. రేల ఏప్రిల్ వస్తే గానీ పసుపు గుత్తులు వేలాడదీయదు, కాబట్టి దాన్ని రెండో విడతకి ఉంచుకోండి.

ఇవేవీ లేకపోతే? బెంగ వద్దు. పాత చెట్టు ఏదైనా సరే, ఒకటి రెండు ఎండు కొమ్మలున్నది చూసుకోండి. ఎండు కొమ్మ విలువేంటో కింద చెప్తాను.

చెట్టుకి పదిహేను, ఇరవై అడుగుల దూరంలో, సూర్యుడు మీ వెనక ఉండేలా చోటు చూసుకోండి. ఎండకి ఎదురుగా కూర్చుంటే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. కొత్తవాళ్లు రంగులు పోల్చుకోలేక విసిగిపోవడానికి సగం కారణం ఇదే.

3. వెంట తీసుకెళ్లాల్సినవి

నోట్‌బుక్, పెన్సిల్, నీళ్లు, టోపీ. మట్టి రంగు, ఆకు రంగు బట్టలు. మొదలుపెట్టడానికి ఇవి చాలు.

బైనాక్యులర్ ఉంటే చూపు పూర్తిగా మారిపోతుంది, అది నిజం. దాని మీద 8 ఇంటూ 42 అని రాసి ఉంటే, వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందనీ, ముందు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లనీ అర్థం. పార్కులకి ఇది చక్కగా సరిపోతుంది. పది, పన్నెండు రెట్లు చూపించేవి గొప్పగా అనిపిస్తాయి కానీ చేతి వణుకుని కూడా అంతే పెద్దది చేసి చూపిస్తాయి.

చాలామంది బైనాక్యులర్‌ని సరిచేసుకోకుండానే వాడి, తలనొప్పి వచ్చిందని పక్కన పడేస్తారు. ఒక్కసారి ఇలా చేయండి. ముందు రెండు గొట్టాల్నీ దగ్గరికి, దూరానికి జరిపి, రెండు కళ్లకీ కలిపి ఒకే గుండ్రటి దృశ్యం వచ్చేలా పెట్టుకోండి. తర్వాత కుడికన్ను మూసి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమకంటికి ఒక కొమ్మ స్పష్టంగా కనిపించేలా చేయండి. ఇప్పుడు ఎడమకన్ను మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడికంటి దగ్గరున్న రింగుని తిప్పి అదే కొమ్మని స్పష్టం చేసుకోండి. ఆ రింగు స్థానం గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక ఎప్పుడూ మధ్య చక్రంతోనే పని. కళ్లద్దాలుంటే కంటి దగ్గరున్న రబ్బరు కప్పుల్ని మడిచేయండి. బైనాక్యులర్‌తో సూర్యుడి వైపు ఒక్క క్షణం కూడా చూడొద్దు, కంటిచూపే పోవచ్చు. పిల్లలు వెంట ఉంటే ఇది ముందే చెప్పి పెట్టండి.

పిట్టని అద్దాల్లోకి తెచ్చుకోవడం ఇంకో చిన్న విద్య. పిట్ట కనిపించగానే చూపు దాని మీదే ఉంచండి. తల కదల్చకుండా, కిందకి చూడకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి ఎత్తండి. కదలని ఆకు మీదో, కొమ్మ చివర మీదో పది సార్లు సాధన చేస్తే చేతికి వచ్చేస్తుంది.

పూల కోసం పది రెట్లు పెద్దది చేసి చూపించే చిన్న చేతి భూతద్దం ఒకటి జేబులో ఉంచుకోండి. బైనాక్యులర్‌ని తలకిందులు చేసి, కంటి వైపు అద్దాన్ని పువ్వుకి బాగా దగ్గరగా పెట్టి, పెద్ద అద్దంలోంచి చూసినా భూతద్దంలాగే పనిచేస్తుంది.

4. మొదటి పది నిమిషాలు ఏమీ చేయకండి

మీరు వచ్చి కూర్చోగానే చెట్టు మీది అలికిడి తగ్గుతుంది. అక్కడున్న ప్రతి పిట్టా మిమ్మల్ని చూసింది. మీరు కదలకుండా ఉంటే కాసేపటికి మళ్లీ తమ పనిలో పడతాయి. ఈ పది నిమిషాలూ చెవులకి ఇవ్వండి. కళ్లు మూసుకుని, ఎన్ని రకాల కూతలు వినిపిస్తున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. పేర్లు తెలియక్కర్లేదు. ఏ దిక్కు నుంచి, ఎంత ఎత్తు నుంచి, ఆగి ఆగి వస్తోందా, గుక్క తిప్పుకోకుండా వస్తోందా అన్నది పట్టుకోండి.

వసంతంలో రెండు గొంతులు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి కోకిలది. "కూఊ, కూఊ" అంటూ ఒక్కో కూతకీ స్థాయి పెంచుకుంటూ పోయి, పైకెళ్లాక ఠక్కున ఆపి, మళ్లీ మొదలుపెడుతుంది. అలా కూసేది మగది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, కళ్లు ఎరుపు. ఆడకోకిలని చాలామంది వేరే పిట్ట అనుకుంటారు, ఎందుకంటే దాని ఒళ్లు గోధుమ రంగు, దాని మీద తెల్లటి చుక్కలు, గీతలు. గొంతు కూడా వేరు, "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది. కోకిల వసంతంలోనే వస్తుందని మనలో ఒక నమ్మకం. నిజానికి మన దగ్గర అది ఏడాది పొడుగునా ఉంటుంది, చలికాలంలో నోరు విప్పదు, అంతే. కూత మొదలైందంటే కాకులు గూళ్లు కడుతున్నాయా అని కూడా చూడండి. ఆడకోకిల గుడ్లు పెట్టేది ఆ గూళ్లలోనే.

రెండోది కంసాలిపిట్ట. చిన్న సుత్తితో రేకు మీద కొట్టినట్టు "టుక్ టుక్ టుక్ టుక్" అని ఒకే తాళంలో కొడుతూనే ఉంటుంది. లెక్కపెట్టి చూడండి, నిమిషానికి వంద దాటుతుంది. మట్టమధ్యాహ్నం మిగతా పిట్టలన్నీ ఊరుకున్నా ఇది ఆపదు. దీన్ని కనిపెట్టడం కష్టం. కూస్తూ తలని అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి వచ్చినట్టుంటుంది. చెట్టు చిటారున ఆకుల్లేని కొమ్మల్ని ఒక్కొక్కటిగా వెతకండి. పిచ్చుక కంటే కాస్త పెద్దగా, బొద్దుగా, ఆకుపచ్చగా ఉంటుంది. నుదుటి మీద ఎర్రటి బొట్టు, గొంతు దగ్గర పసుపు. బైనాక్యులర్ దాని మీద నిలిపితే ఒక వింత కనిపిస్తుంది. కూసేటప్పుడు ముక్కు మూసే ఉంటుంది, గొంతు మాత్రం ప్రతి "టుక్"కీ బుడగలా ఉబ్బుతుంది. ఇది మొదటిసారి చూసిన రోజు నేను టైం మర్చిపోయాను.

5. పేరు తర్వాత, ముందు వర్ణన

పిట్ట కనిపించగానే "ఇదేం పిట్ట?" అని ఫోన్ తీయడం మనందరికీ ఉన్న తొందర. ఫోన్‌లో వెతికేలోపు పిట్ట పోతుంది. అది ఉన్నంతసేపూ దాన్నే చూస్తూ, మనసులో ఈ ప్రశ్నలకి జవాబులు చెప్పుకోండి.

ఎంత ఉంది? పిచ్చుకంతా, గోరువంకంతా, కాకంతా? ఈ మూడూ మీకు కొలబద్దలు. ముక్కు ఎలా ఉంది, సూదిలా ఒంగిందా, గింజలు కొట్టేలా పొట్టిగా ఉందా? తోక ఎత్తి పెడుతుందా, ఆడిస్తుందా? ఏం చేస్తోంది, ఎక్కడ చేస్తోంది? రంగు గురించి చివర్లో ఆలోచించండి. వెలుతురుని బట్టి రంగు మోసం చేస్తుంది కానీ నడక, కూర్చునే తీరు మోసం చేయవు.

ఈ పద్ధతిలో మొదటి వారంలోనే కొన్ని మీకు సొంతమవుతాయి. తల మీద చిన్న నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్న గోధుమ రంగుది పిగిలిపిట్ట. తీగ మీద కూర్చుని, గాల్లోకి ఎగిరి పురుగుని పట్టి మళ్లీ అదే చోటికి వచ్చే నల్లటి పిట్టకి తోక రెండుగా చీలి ఉంటే అది ఎట్రింత. అదే పని చేసేది సన్నగా, ఆకుపచ్చగా, తోక మధ్యలోంచి రెండు సన్నటి ఈకలు పొడుచుకొచ్చి ఉంటే పసిరిక పిట్ట. పచ్చిక మీద వంపు తిరిగిన పొడుగు ముక్కుతో నేలని గుచ్చుతూ, తల మీద విసనకర్ర లాంటి కిరీటాన్ని విప్పి మూసేది కూకుడుగువ్వ. పొదల్లో తోక నిటారుగా ఎత్తి, తన ఒంటికి మించిన గొంతుతో "టువిట్ టువిట్" అని అరిచేది దర్జీపిట్ట. అది ఆకు అంచులకి చిల్లులు పెట్టి, పీచుతో కుట్టి, ఆ ఆకు సంచిలోనే గూడు కడుతుంది.

తేనెపిట్టల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. బొటనవేలంత పిట్ట, ఒంగిన సన్నటి ముక్కు, ఒక్క చోట నిలవదు. మగ ఊదా తేనెపిట్ట నీడలో నల్లగా కనిపిస్తుంది. ఎండ పడే కోణం కుదరగానే ఒళ్లంతా నీలం, ఊదా కలిసి మెరుస్తుంది. ఆ మెరుపు ఈకల్లోని రంగు వల్ల వచ్చింది కాదు, ఈకల లోపలి అతి సన్నని అమరిక వెలుతురుని వెనక్కి కొట్టడం వల్ల వచ్చింది. సంతానం కనే కాలం అయిపోయాక ఈ మగది ఆ మెరుపు ఈకల్ని రాల్చేసి, కింద పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లటి చార మాత్రం మిగుల్చుకుంటుంది. ఫిబ్రవరిలో అక్కడక్కడా మెరుస్తూ, అతుకులు వేసినట్టున్న మగది కనిపిస్తే దానికి కొత్త ఈకలు వస్తున్నాయని అర్థం. తేనెపిట్ట పొడుగాటి గొట్టం లాంటి పువ్వుల దగ్గర ఏం చేస్తుందో చూడండి. ముందు నుంచి అందకపోతే పువ్వు మొదట్లో చిల్లు పెట్టి తేనె తాగేస్తుంది. పువ్వుకి పుప్పొడి సాయం మాత్రం దక్కదు.

మార్చిలో బూరుగ, మోదుగల మీద గులాబీ రంగు ఒళ్లు, నల్లటి తల ఉన్న గోరువంకల గుంపు కనిపిస్తే, అవి ప్రయాణానికి సిద్ధమవుతున్న వలస పిట్టలు. మధ్య ఆసియా వైపు వేల కిలోమీటర్లు వెళ్లి అక్కడ పిల్లల్ని కంటాయి. ఒకరోజు చెట్టంతా అవే ఉంటాయి, మర్నాటికి ఒక్కటీ ఉండదు. ఆఖరుసారి చూసిన తేదీ రాసిపెట్టుకోండి.

6. ఇప్పుడు చెట్టు

పిట్టల సందడి తగ్గాక లేచి చెట్టు దగ్గరికి వెళ్లండి. గుర్తుపట్టడానికి ఆకుతో మొదలుపెట్టండి, కోయకుండా, రాలిన ఆకుతోనే.

ఇక్కడ ఒక చిక్కుంది. వేప చెట్టుకి మనం ఆకు అనుకునేది నిజానికి ఆకులో ఒక ముక్క, చిరుఆకు. ఈనెకి రెండు వైపులా ఉన్న రంపపు అంచు ముక్కలన్నీ కలిపితేనే ఒక ఆకు. మోదుగకి అలాంటి చిరుఆకులు మూడు. ఏది ఆకో, ఏది చిరుఆకో తేల్చుకోవాలంటే కాడ మొదలు చూడండి. ఆకు కాడ కొమ్మని తాకే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. చిరుఆకు మొదట్లో అది ఉండదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం చెట్లు తేలిపోతాయి. మిగతావాటికి ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, బెరడు పెచ్చులుగా ఊడుతోందా, నున్నగా ఉందా అన్నవి చూడండి.

రావి చిగురుని దగ్గరగా చూడాల్సిందే. రాగి రంగులో, గులాబీ రంగులో, వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా ఉంటుంది. ఆ ఎర్రటి రంగు లేత ఆకుని తీవ్రమైన ఎండ నుంచి కాపాడుతుంది, పచ్చదనం తర్వాత నిండుతుంది. ఒకే కొమ్మకి చివర రాగి రంగు, కింద లేత పచ్చ, ఇంకా కింద ముదురు పచ్చ వరసగా ఉంటే అది ఆ కొమ్మ పెరిగిన రోజుల లెక్క.

మోదుగ కింద రాలిన తాజా పువ్వు ఒకటి తీసుకోండి. ఐదు రేకుల్లో ఒకటి పైకి లేచి ఉంటుంది, రెండు పక్కలకి, మిగతా రెండు కలిసిపోయి చిలుక ముక్కులా ఒంగి ఉంటాయి. ఆ ముక్కుని వేలితో మెల్లగా కిందకి నొక్కండి. లోపల దాక్కున్న కేసరాలు బయటికొస్తాయి. మొత్తం పది, తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా ఉంటాయి. మీ వేలికి పసుపు రంగు పొడి అంటుకుంటుంది. తేనె కోసం తల దూర్చిన పిట్ట నుదుటికి అంటేదీ అదే. ఆ పిట్ట ఇంకో మోదుగ దగ్గరికి వెళ్లినప్పుడు పుప్పొడి కూడా దానితో వెళుతుంది.

చెట్టుని వారం వారం రాసుకోవడానికి తేలిక పద్ధతి ఒకటుంది. లేత ఆకులు, ముదురు ఆకులు, పండుటాకులు, మొగ్గలు, విచ్చిన పూలు, పచ్చి కాయలు, పండ్లు అని ఏడు గళ్లు గీసుకోండి. ప్రతి గడిలో "లేవు", "కొన్ని", "చాలా" అన్న మూడు మాటల్లో ఒకటి రాయండి. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఏడాది రాసి, మరుసటి ఏడుతో పోల్చి చూస్తే పూత ఎన్ని రోజులు ముందుకి జరిగిందో, వెనక్కి జరిగిందో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఇలాంటి లెక్కలనే ఊరూరి నుంచి సేకరిస్తోంది. కావాలంటే మీ చెట్టునీ అందులో చేర్చుకోవచ్చు.

7. మోకాళ్ల మీద కూర్చోండి

గడ్డిపూలకి ఎవరూ తోటలు వేయరు, కాబట్టి తోటమాలి చేయి పడని అంచుల్లో వెతకండి. ప్రహరీ మొదలు, కాలిబాట పగుళ్లు, పైపు కారే చోటు. ఒక చేతి రుమాలంత నేలని ఎంచుకుని, అందులో ఎన్ని రకాలు పూశాయో లెక్కపెట్టండి. కూర్చునే ముందు గడ్డిలో పురుగూ పుట్రా ఉందేమో చూసుకోండి.

గడ్డి చామంతితో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అది లేని చోటు దాదాపు ఉండదు. పొడుగాటి కాడ చివర తెలుపు, పసుపు పువ్వు. భూతద్దం పెట్టి చూడండి. మీరు ఒక పువ్వు అనుకున్నది ఒక ఊరు! మధ్యలో ఉన్న పసుపు దిమ్మ డజన్ల కొద్దీ బుల్లి పూల గుంపు. ఒక్కోటి ఐదు కొనల గొట్టం. బయటి వరస ముందు విచ్చుకుంటుంది, తర్వాత లోపలి వరస, నడిమివి ఇంకా మొగ్గలుగానే ఉంటాయి. చుట్టూ ఉన్న తెల్లవి కూడా రేకులు కావు, ఒక్కోటి ఒక్కో పువ్వే, చివర మూడు నొక్కులతో. పక్కనే ముదిరిన తల ఉంటే మెల్లగా ఊదండి, గొడుగులు కట్టుకున్న గింజలు లేచిపోతాయి. ఇది మధ్య అమెరికా నుంచి వచ్చిన మొక్క. అది ఇక్కడి నేలనంతా ఎలా ఆక్రమించిందో ఆ గొడుగుల్ని చూస్తే తెలుస్తుంది.

విష్ణుక్రాంతం చిటికెన గోరంత నీలి పువ్వు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, ఆలస్యంగా వెళితే దొరకదు. పల్లేరు నేలని అంటిపెట్టుకుని ఐదు రేకుల పసుపు పువ్వు పూస్తుంది. దాని కాయ ముళ్లు చెప్పు అడుగులో దిగే దాకా చాలామందికి ఆ పువ్వు కనపడదు. వాకుడు ఎండలోనే ఊదా రంగులో పూస్తుంది, ఆకు నిండా పసుపు ముళ్లు. తుమ్మి తెల్లటి పువ్వు కింది పెదవి బయటికి చాపినట్టుంటుంది, తేనెటీగ దిగేది దాని మీదే.

రెండు జాగ్రత్తలు. జిల్లేడు పువ్వు కిరీటాన్ని దగ్గరగా చూడండి, పెద్ద నల్లటి తుమ్మెదలు వస్తాయేమో చూడండి, కానీ పాలు చేతికి అంటనివ్వొద్దు. అంటిన చేత్తో కళ్లు నులిమితే కంటికి చాలా ప్రమాదం. వయ్యారిభామ అందంగానే ఉంటుంది, చాలామందికి దానివల్ల చర్మం దద్దుర్లు, తుమ్ములు వస్తాయి. దూరం నుంచి చూస్తే చాలు.

8. ఆ రోజే రాయండి

ఇంటికెళ్లి రాద్దామనుకుంటే సగం పోతుంది. బెంచీ మీదే రాయండి. తేదీ, మొదలైన టైం, ముగిసిన టైం, ఎండ, గాలి, చెట్టు, ఏం చూశారు. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "6.40. బూరుగ. పిగిలిపిట్టలు 4. గోరువంకలు 11. పువ్వు కోసం కాకి గోరువంకని తరిమింది. పేరు తెలియని రకం 1: పిచ్చుక కంటే చిన్నది, కళ్ల చుట్టూ తెల్లటి వలయం, పసుపుపచ్చ, గుంపుగా వచ్చి వెంటనే పోయాయి." ఆ తెల్లటి వలయం రాసుకున్నాను కాబట్టే ఇంటికొచ్చాక పేరు దొరికింది. ఇంగ్లిష్‌లో దాన్ని వైట్ ఐ అంటారు.

బొమ్మ గీయడం రాదని మానేయకండి. రెండు సున్నాలు, ఒక ముక్కు, ఒక తోక గీసి, ఏ రంగు ఎక్కడో బాణాలు పెట్టండి. గీయడానికి చూసిన చూపు మామూలు చూపు కంటే లోతుగా ఉంటుంది.

రాశాక యాప్‌లు తెరవండి. మెర్లిన్ అనే యాప్ పిట్ట ఫోటోనీ, కూతనీ బట్టి పేరు సూచిస్తుంది. తప్పులూ చెబుతుంది, కాబట్టి కంటితో చూశాకే ఖాయం చేసుకోండి. ఐనాచురలిస్ట్ మొక్కలకి బాగా పనికొస్తుంది. పువ్వు, ఆకు, మొత్తం మొక్క మూడూ ఫోటో తీస్తే పేరు చెప్పేవాళ్లకి తేలిక. పిట్టల లెక్కలు పెట్టడానికి ఈబర్డ్ ఉంది. అమెరికాలోని కోర్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈ వేదికలో ఇవాళ ప్రపంచమంతా మామూలు మనుషులు రాసిన జాబితాలే పరిశోధనకి ఆధారం. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పిట్టల లెక్కింపు జరుగుతుంది. పదిహేను నిమిషాలు లెక్కపెట్టినా చాలు, మీ పార్కు అందులో చేరుతుంది.

9. గూడు కనిపిస్తే

వెనక్కి తగ్గండి. మీరు దగ్గరున్నంతసేపూ తల్లి గూటికి రాదు, ఎండలో గుడ్లు వేడెక్కిపోతాయి, మిమ్మల్ని గమనిస్తున్న కాకికి దారి తెలుస్తుంది. ఆకులు తప్పించి ఫోటో తీయడం, ఫోన్‌లో కూత వినిపించి పిట్టని రప్పించడం రెండూ వద్దు. ఆ కూత విని, తన చోటు ఎవరో లాక్కోవడానికి వచ్చారనుకుని మగపిట్ట పిల్లలకి మేత తేవడం మానేసి వెతుక్కుంటూ తిరుగుతుంది.

నేల మీద గెంతుతున్న పిల్ల కనిపిస్తే చాలామంది ఇంటికి తీసుకుపోతారు. ఈకలు వచ్చి, కాళ్ల మీద నిలబడగలిగితే అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు పక్కనే ఉంటాయి, వదిలేయండి. కుక్కా పిల్లీ తిరిగే చోటైతే దగ్గర్లోని పొదలో పెట్టండి. ఈకలు రాని పసిగుడ్డైతే గూడు అందితే అందులో పెట్టేయండి. మనిషి చేయి తగిలితే తల్లి రానివ్వదన్నది నిజం కాదు.

ఎండు కొమ్మ సంగతి చెప్తానన్నాను. మా బూరుగకి ఒక ఎండు కొమ్మ ఉండేది, దానికి కింది వైపు గుండ్రటి తొర్ర. ఫిబ్రవరిలో కంసాలిపిట్టల జంట వంతులవారీగా ఆ తొర్రని తొలిచింది. రోజుల తరబడి చూశాను. ఒకటి లోపల పని చేస్తుంటే పొట్టు బయటికి రాలేది. మార్చిలో ఒక పొద్దున వెళ్లేసరికి కొమ్మ లేదు. శుభ్రం కోసం కొట్టేశారు. దారి మీద కాదు, ఎవరి తల మీదా పడేది కాదు. రెండు పిట్టలూ ఆ చోటి చుట్టూ ఎగురుతూనే ఉన్నాయి. అంతకు ముందే నేను పార్కు వాళ్లని అడిగి ఉంటే ఆ కొమ్మ మిగిలేదేమో, అడగలేదు. మీరు అడగండి. చిలుకలు, గోరువంకలు, వడ్రంగిపిట్టలు, చిన్న గుడ్లగూబలు అన్నీ తొర్రల కోసమే పోటీ పడతాయి. పార్కు చూసుకునేవాళ్లకి గూడు ఉన్న కొమ్మ చూపించి, నడిచే దారి మీద లేని ఎండు కొమ్మల్ని, వీలైతే గడ్డిపూలు పూసే ఒక మూలని కూడా వానలు పడేదాకా వదిలేయమని చెప్పండి. నేను ఆ తర్వాత నుంచి ప్రతి జనవరిలో వెళ్లి చెబుతున్నాను. ఎక్కువసార్లు విన్నారు.

పూత అయిపోయిందని బెంచీ వదలకండి. ఏప్రిల్ చివరికి బూరుగ కాయలు పగిలి దూది గాల్లో తేలుతుంది. ఆ దూదిని ముక్కున కరుచుకుని పోయే చిన్న పిట్ట కనిపిస్తే, అది ఏ పొదలో దూరిందో దూరం నుంచే చూసి, రోజూ అదే చోట కూర్చుని కనిపెట్టుకుని ఉండండి.